యాభై బదులు నలభై ఎనిమిది

నాకు కోపం ఎక్కువ. అది అరిచే కోపం కాదు. నేనే కరెక్టని గట్టిగా నమ్మినప్పుడు వచ్చే కోపం. అలాంటప్పుడు నేను గొంతు పెంచను, నవ్వుతాను, ఎదుటివాళ్ళ మీద ఒక జోకు వేస్తాను. ఆ నవ్వుతోనే ఒక మనిషికి అన్యాయం చేశాను. పదేళ్ళు దాటిపోయింది. ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా నా దగ్గరికి వచ్చి "ఆ పిల్ల పని సరిగా చేయట్లేదండీ" అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒక అంకె. నలభై ఎనిమిది.

అప్పట్లో మా ఆఫీసు మాదాపూర్‌లో, పెద్ద పెద్ద అద్దాల మేడల వెనకాల ఒక సందులో ఉండేది. కింద టిఫిన్ సెంటర్, పైన రెండో అంతస్తులో మేము పదకొండు మందిమి. హైటెక్ సిటీలో పని చేస్తున్నానని ఊళ్ళో చెప్పుకునేవాణ్ణి గానీ, మా గదిలోకి పొద్దున పదింటిదాకా కింది నుంచి అల్లం చట్నీ వాసనే వచ్చేది.

మేము చేసేది చీరల అంచులకు డిజైన్లు గీసే ప్రోగ్రాం. చీర అంచు మీద నెమలి నేయాలంటే పాతకాలంలో ముందు ఆ నెమలిని గళ్ళ కాగితం మీద గీసేవారు. ఒక్కో గడికి ఒక్కో రంగు. ఏ రంగు ఉంటే మగ్గం మీద ఏ పోగు లేవాలో ఆ కాగితం చెబుతుంది. మా ప్రోగ్రాం ఆ కాగితాన్ని కంప్యూటర్ తెర మీదికి తెచ్చింది. తెర మీద తెల్లటి కాన్వాస్, ఆ కాన్వాస్ నిండా కంటికి ఆనని చుక్కలు. వాటిని మేము పిక్సెళ్ళు అంటాం. డిజైనర్ బొమ్మ గీసి రంగులు నింపాక, ప్రోగ్రాం ఒక్కో చుక్క దగ్గరికీ వెళ్ళి "నీ రంగేంటి?" అని అడుగుతుంది. వచ్చిన జవాబులన్నిటినీ మగ్గానికి అర్థమయ్యే జాబితాగా రాసి పెడుతుంది. ఆ అడిగే భాగం రాసింది నేను.

కంప్యూటర్‌కు రంగంటే మూడు అంకెలు. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అన్నది లెక్క. మా ఇటుక రంగు రెండు వందలు, వంద, యాభై. ఈ మూడూ అచ్చంగా సరిపోతేనే అది ఇటుక రంగు. ఒక్క అంకె తేడా వచ్చినా నా ప్రోగ్రాం "ఈ రంగు నాకు తెలియదు" అని చెప్పి ఆగిపోయేది. మా మేనేజర్ ఒకసారి కొంచెం చూసీచూడనట్టు పోనిస్తే ఏమండీ అన్నారు. కుదరదన్నాను. పోగు లేస్తే లేచినట్టు, లేకపోతే లేనట్టు, సగం లేవదు కదా అని వాదించాను. మాది అనంతపురం జిల్లా, మా వీధిలో మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి, నాకు చెబుతారా అని లోపల పొగరు కూడా ఉండేది.

ఆ ప్రోగ్రాంలో తప్పులు పట్టే ఉద్యోగంలోకి ఒకమ్మాయి వచ్చింది. టెస్టర్. ఆరు నెలలు చూసి, పని బాగుంటే ఉద్యోగం ఖాయం చేస్తామన్న షరతు మీద తీసుకున్నారు. వాళ్ళది సంగారెడ్డి వైపు. తల్లీ కూతుళ్ళిద్దరూ ప్రగతి నగర్‌లో చెరువు దగ్గర కిరాయికి ఉండేవారు. తల్లి ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఇరవై ఏళ్ళుగా నిలబడి చేసే పని కావడంతో ఆవిడ కాళ్ళు వాచిపోయేవట. "నా నౌకరి పక్కా అయిన్నాడు అమ్మతోని డ్యూటీ మాన్పిస్తనన్నా. ఆ రోజు చర్చిల నిలబడి దేవుడు చేసిన మేలు సాక్ష్యం చెప్త" అనేది. ఆమెకు ఆ ఉద్యోగం ఎందుకో మా పదకొండు మందికీ తెలుసు. నాకు అందరికంటే బాగా తెలుసు, ఎందుకంటే ఆమె పక్క సీటు నాదే.

ఆమె పనిచేసే తీరు నాకు మొదట నవ్వు తెప్పించేది. మాకు తప్పులు రాసుకోవడానికి కంప్యూటర్‌లోనే ఒక పట్టీ ఉంది. ఆమె అందులో రాసే ముందు బడిపిల్లల రూళ్ళ నోట్‌బుక్కులో పెన్సిల్‌తో రాసుకునేది. కాన్వాస్‌ను బాగా పెద్దది చేసి, పై ఎడమ మూల చుక్క, నట్టనడిమి చుక్క, కింది కుడి మూల చుక్క, ఈ మూడింటి రంగులూ ముందు రాసుకుని, తర్వాతే మిగతావి చూసేది. "కంప్యూటర్‌లో రాసింది కంప్యూటర్‌తోనే చూడొచ్చు కదమ్మా, పెన్సిలెందుకు?" అని అడిగితే, "చేత్తోని రాస్తె యాదికుంటదన్నా" అంది. మూడు నెలల్లో నా కోడ్‌లో ఇరవై తప్పులు పట్టింది. వాటిలో రెండు మాత్రం ఒప్పుకోవడానికి నాకు చాలా కష్టమైంది.

అవి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. రెండు మూడు వారాలకోసారి బంద్ వచ్చేది. మియాపూర్ డిపోలో బస్సులు వరసగా నిలబడిపోయేవి. మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాలకు రెండు బల్లలు కలిపి వేసుకునేవాళ్ళం. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఎవరితోనూ గొడవపడలేదు, కానీ ఒకరోజు చూస్తే ఆ రెండు బల్లల మధ్య మనిషి నడిచేంత సందు ఉంది. కోస్తా వాళ్ళమూ సీమ వాళ్ళమూ ఒక బల్ల, తెలంగాణ వాళ్ళు ఇంకో బల్ల. నన్నెవరైనా అడిగితే "నాకు రాజకీయాలు పట్టవు" అనేవాణ్ణి. ఆ మాట అంటూ మా బల్ల దగ్గరే కూర్చునేవాణ్ణి.

ఆమె మాత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని మా బల్ల దగ్గరికే వచ్చేది. తన అభిప్రాయం దాచుకునేది కాదు. "మా దిక్కు పిల్లలకు గూడ నౌకర్లు రావాలె గదన్నా, గందుకే గద లొల్లి" అనేది. అంతలోనే నా డబ్బాలోని బొరుగుల ఉగ్గానిలో సగం తన డబ్బాలోకి తోసుకునేది. ఆమెతో వాదించడం కష్టం. నేను ఏదో ఒక జోకు వేసి మాట తప్పించేవాణ్ణి.

బంద్ రోజుల్లో పని ఆగకూడదని మేనేజర్ ఒక ఏర్పాటు చేశారు. ఎవరింటి నుంచి వాళ్ళు ఇంటర్నెట్ ద్వారా ఆఫీసులోని తమ కంప్యూటర్‌లోకి వెళ్ళి పని చేసుకోవచ్చు. కంప్యూటర్ ఆఫీసులోనే ఉంటుంది, దాని తెర మాత్రం మనింట్లో కనబడుతుంది. ఆమె ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి, నత్తనడకన నడిచే ఇంటర్నెట్ డేటా కార్డు ఒకటి ఉన్నాయి. వాటితోనే పని చేసేది. నాకు ఆ అవసరం లేదు. నా లాప్‌టాప్‌లోనే మొత్తం ప్రోగ్రాం ఉండేది, మదీనాగూడలోని మా గదిలో కూర్చుని దాని మీదే రాసుకునేవాణ్ణి.

ఆ ఏర్పాటు తర్వాత వచ్చిన మొదటి బంద్ రోజున ఆమె నుంచి ఒక రిపోర్టు వచ్చింది. ఇటుక రంగు చుక్కల్ని ప్రోగ్రాం గుర్తుపట్టట్లేదు, నీలం అంకె యాభై రావాల్సిన చోట నలభై ఎనిమిది వస్తోంది అని రాసింది. నేను నా లాప్‌టాప్‌లో చూశాను. యాభై. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి ఆమె కంప్యూటర్ మీదే ఆమె ముందే చూపించాను. యాభై.

"చూస్తివా? కళ్ళద్దాలు మార్చుకోమ్మా" అన్నాను.

"ఏందో అన్నా, నిన్నైతే నలభై ఎనిమిదే వచ్చింది. నాలుగు సార్లు చూసిన" అంది, తన నోట్‌బుక్కు తిప్పి చూపిస్తూ.

నేను ఆ నోట్‌బుక్కు వైపు చూడలేదు. రిపోర్టు కింద "మళ్ళీ కనబడలేదు" అని రాసి మూసేశాను. ఇలా మూసేయడం మా పనిలో మామూలే. మన కళ్ళ ముందు జరగని తప్పును తప్పుగా లెక్కపెట్టం.

రెండు వారాలకు ఇంకో బంద్. మళ్ళీ అదే రిపోర్టు, మళ్ళీ అదే నలభై ఎనిమిది. మర్నాడు ఆఫీసులో మళ్ళీ యాభై. ఈసారి చుట్టూ నలుగురు మూగారు. "ఆఫీస్‌ల వస్తలేదు, ఇంట్లనే వస్తుంది. బంద్ నాడే వస్తుందన్నా" అని ఆమె తల గోక్కుంటూ నిలబడింది. నేను నవ్వుతూ, "మీ ఇంటి కంప్యూటర్ కూడా ఉద్యమంలో చేరిందేమో, బంద్ రోజు పని చేయనంటోంది" అన్నాను.

అందరూ ఘొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ మధ్యాహ్నం డబ్బా తీసుకుని మా బల్ల దగ్గరికి రాలేదు. నేను గమనించాను. గమనించి, అలిగితే అలగనీలే అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు మధ్యాహ్నమంతా ఉంది, సీటు కూడా పక్కదే. తీసుకోలేదు.

మూడోసారి రెండు రోజుల బంద్ వచ్చింది. మొదటిరోజు పదకొండింటికి ఆమె ఫోన్ చేసింది.

"అన్నా, ఇప్పుడే వస్తుంది, నా తెర మీద ఉన్నది నలభై ఎనిమిది. జర మా ఇంటికొచ్చి నీ కండ్లతోని చూస్తవా? రేపెల్లుండి ఆఫీస్‌ల చూస్తే మళ్ల ఏముండది."

"బయట పరిస్థితి బాగలేదుమా. నోరు తెరిస్తే చాలు, ఎక్కడోణ్ణో తెలిసిపోతుంది" అన్నాను.

"నిన్నెవరేమంటరన్నా? ఫికర్ చెయ్యకు, చౌరస్తా కాడికి నేనే వస్త."

"వద్దులేమా. రిపోర్టు పెట్టు, చూస్తా."

ఫోన్ పెట్టేసిన గంటకు నేనూ నా రూమ్మేటూ బండి తీసుకుని బయటికి వెళ్ళాం. హైవే ఖాళీగా ఉంది. లారీలు పరిగెత్తే చోట పిల్లలు మూడు ఇటుకలు వికెట్లుగా నిలబెట్టి క్రికెట్ ఆడుతున్నారు. మమ్మల్ని ఎవరూ ఆపలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. బాల్ మా బండి కిందికి వస్తే "అన్నా, జర బాల్ ఇయ్యి" అన్నారు, ఇచ్చాం. మియాపూర్‌లో ఒక హోటల్ సగం షట్టర్ కింద నుంచి బిర్యానీ పొట్లాలు అందిస్తోంది. రెండు తీసుకుని ఇంటికి వచ్చాం. మియాపూర్ నుంచి ప్రగతి నగర్‌కు ఆ ఖాళీ రోడ్ల మీద పావుగంట పట్టదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. బిర్యానీ చల్లారిపోతుందని ఇంటికి తిప్పమన్నాను.

సాయంత్రం ఆమె రిపోర్టు వచ్చింది. పాత రెండు రిపోర్టులు కూడా తీసి మూడూ పక్కపక్కన పెట్టుకున్నాను. మూడింటిలోనూ అవే మాటలు, అదే ఇటుక రంగు, అదే నలభై ఎనిమిది. తేదీ ఒక్కటే వేరు. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. వచ్చిన క్షణం నుంచి అది ఆలోచనలా కాకుండా కళ్ళతో చూసిన నిజంలా అనిపించింది. ఈమె బంద్ రోజు అసలు పని చేయట్లేదు, పాత రిపోర్టుకే తేదీ మార్చి పంపుతోంది.

ఒకే తప్పు ఎప్పుడు చూసినా ఒకేలా కనబడాలి. అలా కనబడిందంటే అది నిజమైన తప్పు అనడానికి అదే గుర్తు. ఈ పనిలో కొత్తగా చేరినవాడికి కూడా మేము మొదట చెప్పే పాఠం అదే. నేను దాన్ని తలకిందులు చేసి చదివాను. అదే రిపోర్టు మా బల్ల దగ్గర కూర్చునే ఏ గుంటూరు కుర్రాడో పంపి ఉంటే అలా చదివేవాణ్ణా? చదివేవాణ్ణి కాదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మా మేనేజర్ యాభై దాటిన మనిషి, గుంటూరు వైపాయన, చిన్నవాళ్ళను కూడా అండీ అనే పిలిచేవారు. ఆయనకొక పద్ధతి ఉండేది. ఎవరి గురించైనా నిర్ణయం తీసుకునే ముందు, వాళ్ళతో పనిచేసేవాళ్ళను ఒక్కొక్కరినే కింది టిఫిన్ సెంటర్‌కు టీకి తీసుకెళ్ళి, "ఒక్క మాటలో చెప్పండి" అని అడిగేవారు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఆ ఒక్క మాట మీదే ఆయన నడిచేవారు. ఆమె ఆరు నెలలూ పూర్తి కావస్తుండగా నన్ను తీసుకెళ్ళారు.

"ఆ అమ్మాయి సంగతి ఏంటండీ? ఖాయం చేసేద్దామా? ఒక్క మాటలో చెప్పండి."

"మామూలు రోజుల్లో బాగానే చేస్తుంది సార్. బంద్ రోజుల్లో పని చేయకుండా పాత రిపోర్టుకే తేదీ మార్చి పంపిస్తోంది" అన్నాను.

"అయ్యో, అలాగాండీ? చూస్తే అలా కనబడదే."

"నేను మూడూ పక్కపక్కన పెట్టి చూసినా సార్."

ఆయన ఇంకేమీ అడగలేదు. నేను అంత నమ్మకంగా చెప్పాను మరి. ఆమెను పిలిచి ఒక్కసారి అడగండి అని నేనైనా అనాల్సింది. టీ కప్పులు కింద పెట్టి ఇద్దరం పైకి వచ్చేశాం.

ఆ శుక్రవారం సాయంత్రం ఆమెను గదిలోకి పిలిచి, ఆరు నెలలూ అయిపోయాయి, కొనసాగించలేకపోతున్నాం అని చెప్పారు. కారణం చెప్పలేదు. ఆమె తన సీటు దగ్గరికి వచ్చి బ్యాగు సర్దుకుంది. ఏడవలేదు. నీళ్ళ సీసాను బ్యాగులో పెట్టి మళ్ళీ బయటికి తీసి, మళ్ళీ పెట్టి, అలా రెండు మూడుసార్లు చేసింది.

"అన్నా, నా పనిల ఏమన్న లోపముండెనా? నీకు ఎరుకైతే చెప్పు, దిద్దుకుంట" అంది.

"లేదుమా. కంపెనీ పరిస్థితి బాలేదు, అంతే. నీ గురించి కాదు" అన్నాను.

ఆమె తల ఊపింది. రూళ్ళ నోట్‌బుక్కు నా బల్ల మీద పెట్టి, "రంగుల లెక్కలన్నీ ఇందుల ఉన్నయి. కొత్తగ వచ్చెటోళ్ళకు పనికొస్తయి" అంది. నేను దాన్ని సొరుగులో పడేశాను. ఇంకో నెలకు నన్ను టీమ్ లీడ్ చేశారు. కింది టిఫిన్ సెంటర్‌లో అందరికీ మైసూర్ బజ్జీ పెట్టించాను.

మరుసటి ఏడాది వానాకాలంలో ఒకరోజు మదీనాగూడలో రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఆఫీసుకు పోయే దారి లేదు. నా లాప్‌టాప్ రిపేరుకిచ్చి ఉన్నాను. రూమ్మేట్ పాత కంప్యూటర్, అతని డేటా కార్డు తీసుకుని, ఇంటి నుంచే మొదటిసారి ఆఫీసులోని నా కంప్యూటర్‌లోకి వెళ్ళాను. ప్రోగ్రాం తెరిచి, ఒక కస్టమర్ పంపిన అంచు డిజైన్‌ను నడిపించాను. "ఈ రంగు నాకు తెలియదు" అని ఆగిపోయింది. ఏ చుక్కో చూశాను. ఇటుక రంగు. రెండు వందలు, వంద, నలభై ఎనిమిది.

ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరిచాను. నలభై ఎనిమిదే. బయట ఎవరో బకెట్లతో మెట్ల మీది నీళ్ళు తోడిపోస్తున్నారు. ఆ అంకె తప్పని నాకు క్షణం కూడా అనిపించలేదు. ఆమె అంకె అది, నాకు బాగా తెలిసిన అంకె.

కారణం వెతకడానికి పది నిమిషాలు పట్టింది. ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్ళినప్పుడు, ఆ సన్నటి కనెక్షన్ మీద బరువు తగ్గించడానికి, ఆఫీసులోని యంత్రం తన తెర మీది రంగుల్ని కాస్త కుదించుకుంటుంది. కంటికి తేడా తెలియదు. అంకెల్లో మాత్రం తెలుస్తుంది. బొమ్మ అసలు రంగులు కంప్యూటర్ లోపల భద్రంగానే ఉంటాయి. నా కోడ్ ఆ లోపలి బొమ్మను చదవకుండా తెర మీద కనబడేదాన్ని చదువుతోంది. తప్పు మొదటి నుంచీ నా కోడ్‌లోనే ఉంది. అది ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకే కనబడుతుంది. మాలో ఇంటి నుంచి ఆ దారిన వెళ్ళి రంగులు పరీక్షించింది ఆమె ఒక్కతే, అదీ బంద్ రోజుల్లోనే.

నీళ్ళు తగ్గాక మర్నాడు ఆఫీసుకు వెళ్ళి సొరుగులోంచి ఆ నోట్‌బుక్కు తీశాను. ఆమె రిపోర్టు పంపిన మూడు బంద్ రోజులకూ మూడు పేజీలున్నాయి. ప్రతి పేజీలో మా ప్రోగ్రాంలోని ఏడు రంగులకూ ఏడు వరసలు, ఒక్కో వరస నాలుగేసి సార్లు చూసినట్టు పక్కన పెన్సిల్ గీతలు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఏ గంటకు ఏది చూసిందో కూడా ఉంది. ఆ మూడు రోజులూ ఆమె చేసినంత పని నేను చేయలేదు. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఇలా రాసుకుంది.

"ఎరుపు, నీలంల ఎనిమిదో ఎక్కంల, ఆకుపచ్చల నాలుగో ఎక్కంల ఉండే అంకెలే వస్తున్నయి. రెండు వందలు ఎనిమిదితోని తెగుతది, గందుకే మారలే. యాభై తెగది, గందుకే నలభై ఎనిమిదైంది. తెర మీద గాకుండ లోపల దాచిన బొమ్మల నుంచి చదివితే? అన్నను అడగాలె."

అన్నను అడగాలె అనుకుంది. అడగడానికే ఆరోజు ఇంటికి రమ్మని పిలిచింది. ఆ నోట్‌బుక్కు ఇన్నాళ్ళూ నా మోకాలికి తగిలేంత దగ్గరగా ఆ సొరుగులో ఉంది.

కోడ్ మార్చడానికి అరగంట పట్టింది. కొత్త ప్రోగ్రాంతో పాటు కస్టమర్లకు పంపే కాగితంలో "రంగులు చదివే పద్ధతిని మెరుగుపరిచాం" అని రాశాను. అది ఎవరు కనిపెట్టారో రాయలేదు. మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఆ అమ్మాయి చెప్పింది నిజమే సార్ అన్నాను. "అయ్యో పాపం. అయినా ఇప్పుడేం చేద్దామండీ, ఆ సీట్లోకి వేరే అతను వచ్చేశాడు కదా" అన్నారాయన. నేను గట్టిగా పట్టుబట్టాల్సింది. అప్పుడైనా ఆ కోపం పనికొచ్చేది. సరే సార్ అని వచ్చేశాను.

ప్రగతి నగర్ వెళ్ళడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయిపోయి ఉంటుందని చూసుకుని వెళ్ళాను. నోట్‌బుక్కు చేతిలో పట్టుకున్నాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. ముందు తప్పు నాదని చెప్పాలి. తర్వాత టిఫిన్ సెంటర్‌లో మేనేజర్‌తో నేను అన్న మాట చెప్పాలి. రెండోదే అసలు సంగతి, దాని కోసమే వెళ్ళాను.

రెండు గదుల ఇల్లు. గోడ మీద బైబిల్ వాక్యం రాసిన క్యాలెండరు. తలుపు తీసింది తల్లి. తెల్ల యూనిఫామ్‌లో ఉంది, ఆదివారం కూడా డ్యూటీ ఉన్నట్టుంది. "వందనాలు బాబూ, కూసో" అని లోపలికి పిలిచింది. ఆవిడ నడక చూస్తే తెలుస్తోంది, ఒక్కో అడుగూ కూడదీసుకుని వేస్తోంది.

"అన్నా! నువ్వేంది గిట్ల?" అంటూ ఆమె లోపలి నుంచి వచ్చింది. దగ్గరలోని ఒక చిన్న బడిలో కంప్యూటర్ చెబుతోందట. "పిల్లగాండ్లు కంప్యూటర్‌ల బొమ్మకు రంగేస్తరన్నా, గీతల సందుంటది, రంగంత బయటికి పోతది. ఒకటే నవ్వుతరు" అంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలకు చాలా తిరిగిందట. ఆరు నెలలకే ఎందుకు మానేశావని అందరూ అదే అడిగారట. తల్లి మాకు టీ తెచ్చి ఇచ్చింది.

"ఆ నలభై ఎనిమిది నాకూ వచ్చిందిమా. తప్పు నా కోడ్‌లోనే. నువ్వు రాసింది రాసినట్టే నిజం" అన్నాను, నోట్‌బుక్కు ఆమె చేతికిస్తూ.

ఆమె ముఖం వెలిగిపోయింది. చప్పట్లు కొట్టింది. "చూసినవా! అమ్మా, నేను చెప్పలే నీకు? నా లెక్క తప్పు గాదని చెప్పలే?"

"ఇగ ఏం లాభం బిడ్డా" అంది తల్లి, వంగి చెప్పుల కోసం మంచం కింద వెతుకుతూ.

"నన్నెందుకు వద్దన్నరో మాత్రం ఇప్పటికీ సమజైతలేదన్నా" అంది ఆమె. "సార్ మంచోడే. ఆఖరి వారంల నన్ను గూడ చాయ్‌కి తీస్కపోయిండు, ఎరుకేనా? నీ గురించే అడిగిండు."

"నా గురించా?"

"ఔ. నిన్ను టీమ్ లీడ్ చేద్దమనుకుంటున్నరంట. ఆయన మీ పక్క సీటే కదండీ, ఎలాంటి మనిషి, ఒక్క మాటలో చెప్పండి అన్నడు."

"నువ్వేం చెప్తివి?"

"కోపం జరంత ఎక్కువ సార్, కానీ తప్పు చూపిస్తె ఒప్పుకుంటడు అన్న. నిజమే గదా! సూడు, గింత దూరమొచ్చి చెప్పినవ్."

టీ గ్లాసు నా చేతిలోనే ఉంది. చెప్పాల్సిన రెండో మాట నోటిదాకా వచ్చింది. తల్లి గుమ్మం దగ్గర గోడకు చెయ్యి ఆనించి, వాచిన పాదాన్ని చెప్పులోకి తోస్తోంది. కూతురు నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుని, ఇంకా నవ్వుతూ నా వైపే చూస్తోంది.

"టీ చాలా బాగుందిమా" అన్నాను.

"అమ్మ చేసింది. ఇంకొంచెం పొయ్యాల్నా అన్నా?" అంది.

గ్లాసు ముందుకు చాపాను.